ఆకుపచ్చ పెచ్చులు

నా కూతురి నోట్లో వేలు పెట్టి ఆకుపచ్చ రంగు పెచ్చును బయటికి తీసిన ఉదయంతో, అత్తగారింట్లో నాకున్న మంచి కోడలు అన్న పేరు పోయింది. దాన్ని తిరిగి తెచ్చుకోవాలని నేనెప్పుడూ అనుకోలేదు.

మా అత్తగారి ఇల్లు చిత్తూరు పాత బజారులో ఉంది. వీధి వైపు బెల్లం మండీ గది, దాని వెనక హాలు, హాలు దాటితే వంటిల్లు, పైన మా గదులు. మామ తాత కట్టించిన ఇల్లు అది. టేకు తలుపులు, మనిషెత్తు కిటికీలు, హాల్లో చెక్క స్తంభాలు. ఇంట్లో పెళ్లి జరిగినప్పుడల్లా పాత రంగు మీదే కొత్త రంగు పూయించుకుంటూ వచ్చారు. పైన ఆకుపచ్చ, కింద నీలం, దాని కింద పసుపు, అన్నిటికంటే అడుగున ఎరుపు. కిటికీ అంచుకు ఎక్కడైనా దెబ్బ తగిలి పెచ్చు లేస్తే ఆ రంగులన్నీ పొరలు పొరలుగా కనిపించేవి. అందంగానే ఉండేవి.

మా మరిదికి పెళ్లి కుదిరింది. ఈసారి పాత రంగంతా గీకించి, చెక్క బయటపడ్డాక కొత్త రంగు వేయించాలని మామ నిర్ణయించారు. గీకిస్తారన్న సంగతి నాకెవరూ చెప్పలేదు. ఆ ఇంట్లో అలాంటివి కోడళ్లకు చెప్పి చేసే పనులు కావు. నేను పాపను అత్తకు అప్పగించి కూరగాయలకు వెళ్లొచ్చేసరికి పెయింటు మేస్త్రీ, అతని మనుషులు దిగి గరుకు ఉప్పుకాగితంతో కిటికీలు రుద్దుతున్నారు. హాలంతా మంచు పట్టినట్టుంది. దేవుడి పటాల మీద, సోఫా మీద, మూత తీసి ఉన్న నీళ్ల బిందె మీద సన్నని పొడి పరుచుకుని ఉంది. వంటింటి పక్క కిటికీ కింద, రెండేళ్లు నిండని నా కూతురు కాళ్లు చాపుకుని కూర్చుని ఏదో చప్పరిస్తోంది. పెదాల మీద ఆకుపచ్చ నలకలు.

సంచి ఎక్కడ పడేశానో గుర్తు లేదు. నోట్లోంచి పెచ్చు తీసి, నీళ్లతో నోరు కడిగి, పాపను చంకన వేసుకుని గట్టిగా అరిచాను.

"ఆపండన్నా! ముందు ఆ రుద్దేది ఆపండి!"

మేస్త్రీ నిచ్చెన మీద నుంచి తల తిప్పి చూశాడు. "ఏం మా, పాప మింగేసిందా? ఏం గాదులే మా. మా పిల్లోళ్లు ఈ దుమ్ములోనే పెరిగినారు."

అరుపు విని మామ మండీ గదిలోంచి వచ్చారు. "ఏంది గలాటా?"

"మామా, ఈ పాత రంగుల్లో సీసం ఉంటాది. ఇట్ల పొడిగా రుద్దితే ఆ దుమ్మంతా ఇంట్లోనే పడతాది. పిల్లకు ఇసం అది."

నేను ఊహించి చెప్పిన మాట కాదు. పెళ్లికి ముందు రేణిగుంట దగ్గర ఒక ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేశాను. అక్కడ సీసం వాడేవారు. లోపలికి వెళ్లే ముందు బట్టలు మార్చుకోవాలి, బయటికి వచ్చేటప్పుడు స్నానం చేయాలి, చేతులు కడగకుండా అన్నం ముట్టకూడదు. ఉండి ఉండి అందరికీ రక్తపరీక్ష చేసేవారు. భద్రత చూసుకునే మేడం మొదటిరోజే మమ్మల్ని కూర్చోబెట్టి, పాతకాలం నూనె రంగుల్లో కూడా సీసం కలిపేవారని, తళతళలాడడానికీ తొందరగా ఆరడానికీ అది పనికొచ్చేదని చెప్పింది. ఆ పెచ్చులు కొంచెం తియ్యగా ఉంటాయట. పిల్లలు మళ్లీ మళ్లీ నోట్లో పెట్టుకునేది అందుకేనట. పెద్దవాళ్ల కంటే పిల్లల ఒంటికే అది ఎక్కువ పడుతుంది. మెదడు ఎదిగే వయసులో దాన్నే దెబ్బ తీస్తుంది. ఆ పాఠం విన్నప్పుడు నాకు పెళ్లి కాలేదు. అయినా ఒక్క ముక్క కూడా మరిచిపోలేదు.

మామ నవ్వారు. "ఇసమా? మా తాత కట్టిన ఇల్లిది. మా నాయన ఈడే పుట్నాడు, నేనీడే పుట్నాను. అందరం ఈ తలుపులు పట్టుకోనే నడక నేర్సినాం. మాకేమయింది?"

"ఏమయిందో ఎవురు సూసినారు మామా? ఎవురన్నా రక్తం తీసి సూసినారా?"

నిచ్చెన మీద ఉప్పుకాగితం చప్పుడు ఆగిపోయింది. ఆ ఇంట్లో ఆయన ప్రశ్నకు ఎదురు ప్రశ్న వేసిన కోడలు అంతకు ముందు లేదు. నా భర్త మండీ గది గుమ్మంలో నిలబడి అటూ ఇటూ చూశాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, "పని అయ్యేదాకా పాపతో పైనే ఉండు మే. దుమ్ము తగ్గినాక దిగుదువు" అన్నాడు.

"దుమ్ముకు మెట్లెక్కడం రాదా?" అన్నాను.

పాపకు తలస్నానం చేయించి, బట్టలు మార్చి, నా బట్టలూ మార్చుకుని బయల్దేరాను. ఎక్కడికని ఎవరూ అడగలేదు. పుట్టింటికి అలిగి వెళ్తున్నాననుకుని ఉంటారు.

ముందు ఊళ్లో పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన మంచివాడే. పాప కళ్లు, నాలుక చూసి, కడుపు నొక్కి చూసి నవ్వాడు. "మట్టి, సున్నం, పెయింటు... ఈ వయసులో పిల్లలు తినందేముందమ్మా? నులిపురుగుల మందు రాస్తాను."

"రాయండి సార్. దాంతోపాటు రక్తంలో సీసం ఎంతుందో పరీక్ష కూడా రాయండి."

"ఈ ఊళ్లో ఎవరూ చేయరమ్మా అది."

"యాడ చేస్తారో నేను ఎతుక్కుంటాను. మీరు రాయండి."

నేను కుర్చీలోంచి లేవనని ఆయనకు అర్థమైంది. రాసిచ్చాడు.

ఫ్యాక్టరీలో నాతో పనిచేసిన స్నేహితురాలికి ఫోన్ చేస్తే తిరుపతిలో ఒక ల్యాబు చెప్పింది. వాళ్లు రక్తం తీసుకుని చెన్నై పంపిస్తారు. బస్సులో పాప నా ఒళ్లో నిద్రపోయింది. దాని గోళ్ల సందుల్లో ఇంకా ఆకుపచ్చ ఉంటే చీర కొంగు నీళ్లతో తడిపి తుడుస్తూ కూర్చున్నాను. ల్యాబులో సూది గుచ్చినప్పుడు పాప ఏడ్చిన ఏడుపుకు నర్సు జాలిపడి, "అంత చిన్నపిల్లకు ఇప్పుడే ఎందుకు మేడం ఇదంతా?" అంది. నేను పాప చేతిని గట్టిగా పట్టుకున్నాను.

అక్కడి నుంచి వడమాలపేటలో మా అమ్మ దగ్గరికి వెళ్లాను. అమ్మ అంతా విని, పాపను ఎత్తుకుని, మా ఇంటి గోడ మీద చెయ్యేసి చూపించింది. "ఈడ పెయింటు లేదు, ఉండేదంతా సున్నమే. పెండ్లి అయ్యేదాకా నువ్వూ ఈడే ఉండు. పెండ్లి ఇంట్లో కోడలు గలాటా సేసిందని పదిమందీ అనుకునేది ఎందుకు?"

"నేనీడ కూర్చుంటే ఆడ ఇల్లంతా ఆ దుమ్ముతో నిండిపోతాది మా. పెండ్లి అయినాక పాప పోవాల్సింది ఆ ఇంటికే కదా? నేనెందుకు ఆ ఇల్లు ఇడిసిపెట్టి రావాల? పోవాల్సింది ఆ రంగు."

అమ్మ పాపను ఉంచుకుంది. మర్నాడు పొద్దున్నే నేను ఒక్కదాన్నే చిత్తూరు బస్సెక్కాను.

మా వీధి మలుపు తిరగ్గానే మాడు వాసన కొట్టింది. నేను లేనప్పుడు పని ఆపలేదు సరికదా, తొందరగా కానివ్వమని మామ చెబితే మేస్త్రీ మంట చిమ్మే బ్లో ల్యాంప్ తెచ్చాడు. హాల్లో స్తంభం మీదికి మంట చూపిస్తుంటే రంగు బుడగలు బుడగలుగా ఉబ్బి, నల్లబడి, పొగలు కక్కుతూ జారుతోంది. రుద్దితే దుమ్మే లేస్తుంది. కాలిస్తే సీసం పొగలో కలిసి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. స్తంభం కింద వెడల్పాటి ఇనప పట్టీతో గీకుతున్న మనుషులు ముక్కుకు తుండుగుడ్డ కూడా కట్టుకోలేదు. అత్త వంటింట్లో దగ్గుతూ చారుకు పోపు పెడుతోంది.

"అన్నా, ఆర్పు" అన్నాను.

"అయిపోవచ్చింది మా. ఈ ఒక్క స్తంభం..."

నేనే వెళ్లి మర తిప్పి ఆర్పేశాను. అతను బిత్తరపోయి పిడి వదిలేశాడు. వేడి ల్యాంపును పిడి పట్టుకుని హాలు దాటించి, మండీ గది దాటించి, బయటి అరుగు మీద పెట్టి, దాని పక్కనే కూర్చున్నాను. బజారు అప్పుడప్పుడే తెరుస్తున్నారు. ఎదురు కొట్టాయన షట్టరు సగం ఎత్తి అలాగే వంగి చూస్తుండిపోయాడు.

మేస్త్రీ బయటికి వచ్చాడు. "నా సామాను ఇయ్యి మా. ఏంది మా ఇది?"

"ఇస్తానన్నా. మంట పెట్టనని మాటియ్యి, ఇస్తాను."

"మీ మామ సెప్పినాడు, నేను సేస్తా ఉండా. నా మీద కోపం సేసుకుంటే ఎట్ల?"

"కోపం నీ మీద కాదన్నా. ఆ పొగ ముందు పోయేది నీ లోపలికే. కాల్చకుండా, నీళ్లతో తడిపి గీకాల."

అంతలో మామ వచ్చారు. ఆయన గొంతు పెంచరు. తగ్గిస్తారు. ఆ తగ్గించిన గొంతుకే ఇంట్లో అందరూ భయపడేవారు. "పెండ్లి ఇంటి ముందర, పట్టపగలు, ఈదిలో కూర్చుంటావా? సిగ్గు లేదా?"

"లేదు మామా."

ఆ మాట నా నోటి నుంచి అంత తేలిగ్గా ఎలా వచ్చిందో నాకే ఆశ్చర్యం. బజారులో ఇంకో ఇద్దరు ముగ్గురు ఆగారు. నా భర్త లోపలి నుంచి వచ్చి నా వెనక నిలబడ్డాడు. నన్ను లేపడానికో, నా పక్క నిలబడడానికో ఆయనకే తెలిసినట్టు లేదు.

అప్పుడు అత్త బయటికి వచ్చింది. బజారు తెరిచాక ఆమె అరుగు మీద కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది.

"పాప నోట్లోంచి నువ్వు తీసింది ఏ కిటికీది మే?"

"వంటింటి పక్కది అత్తా."

ఆమె ఎవరి వైపూ చూడకుండా చెప్పింది. "సిన్నోడు కూడా ఆడే కూర్సోని గోరుతో గీకి తినేటోడు. మన్ను తినే బుద్ధి అనుకున్నా. చేతికి కారం పూసినా. వాత కూడా పెట్నా. కడుపునొప్పి అని మెలికలు తిరిగేటోడు. బళ్లో ఏం సెప్పినా వాని తలకెక్కలా. మీ మామ వానికి మొద్దు అని పేరు పెట్నాడు. దీనివల్లేనా మే?"

సిన్నోడంటే నా మరిది. పెళ్లికొడుకు. మండీ గది గుమ్మంలో నిలబడి ఆ మాటలన్నీ వింటున్నాడు.

అవునని ఒక్క మాట అంటే నేను గెలిచినట్టే. అత్త ముఖం చూస్తుంటే అది స్పష్టంగా తెలుస్తోంది. కానీ నాకు తెలియని దాన్ని తెలుసని చెప్పి గెలవాలనిపించలేదు.

"తెలీదత్తా. కావచ్చు, కాకపోవచ్చు. ఇన్నేండ్ల తరవాత ఎవురూ సెప్పలేరు."

అత్త తల ఊపింది. లేచి మామ ముందు నిలబడి, "మనమప్పుడు తెలీక సేసినాం. ఇప్పుడు ఈ పిల్ల తెలిసి సెప్తా ఉండాది. ఇంగ ఈ పని అది సెప్పినట్టే జరగాల" అంది. ఆయన సమాధానం కోసం ఆగకుండా లోపలికి వెళ్లి పొయ్యి కట్టేసి, నీళ్ల బిందె తెచ్చి వీధిలో పారబోసింది. మామ ఆ నీళ్ల వంక చూస్తూ నిలబడి, కాసేపటికి మండీ గదిలోకి వెళ్లిపోయారు. ఒప్పుకున్నారని కాదు. ఆ రోజుకు అడ్డం చెప్పలేదు, అంతే.

నా మరిది బండి తీసుకుని వెళ్లి, మామిడి చెట్లకు మందు కొట్టే పిచికారీ డబ్బా కొత్తది కొనుక్కొచ్చాడు. "వదినా, తడపల్ల అన్నావు కదా. దీంతో అయితే బాగా పడతాది."

అప్పటి నుంచి పని నేను చెప్పినట్టు సాగింది. కిటికీల కింద ప్లాస్టిక్ పట్టలు పరిచి అంచులకు టేపు వేశాం. సామాను మీద కప్పాం. గీకబోయే చోట ముందు నీళ్లు కొట్టి, తడి ఆరకుండా చూస్తూ పట్టీతో గీకాలి. దుమ్ము లేవకూడదు. మరిది డబ్బా వీపున తగిలించుకుని నీళ్లు కొడుతుంటే పెళ్లికొడుకు తోటపనికి దిగినట్టుందని నా భర్త మొదటిసారి నవ్వాడు. తర్వాత ఆయనే మాస్కులు తెచ్చాడు. గుడ్డవి కాదు, ఫ్యాక్టరీలో మేం వాడిన రకమే కావాలని నేను పట్టుబడితే తిరుపతి దాకా వెళ్లొచ్చాడు. గట్టిగా పట్టుకుని ఉన్న రంగును అసలు ముట్టుకోనివ్వలేదు. వీధి తలుపు అలాంటిదే, దాని మీద నేరుగా కొత్త రంగు వేయమన్నాను. సీసం కలపలేదని డబ్బా మీద రాసి ఉన్న రంగు దొరికేదాకా కొట్లు తిరిగాం. ఊడిస్తే దుమ్ము లేస్తుందని చీపురు ఎత్తి అటక మీద పెట్టేశాను. అత్తకు అన్నిటికంటే కష్టమైంది అదే. "పెండ్లి ఇల్లు చీపురు పట్టకుండానా?" అని సణుగుతూనే తడిగుడ్డతో నేలంతా తుడిచింది.

మేస్త్రీ రోజూ సణిగాడు. పని నత్తనడక నడుస్తోందన్నాడు, మాస్కులో ఊపిరాడదన్నాడు. అతని చేతులు వణకడం, మధ్యాహ్నం సగం అన్నం తిని కడుపు పట్టుకుని పక్కకు వెళ్లడం చూసి ఒకరోజు అడిగాను. "అన్నా, నువ్వూ రక్తం చూపించుకోరాదా?"

"తెలుసుకోని ఏం సేసేది మా? పని మానుకుంటే కూడెవురు పెడతారు?"

"పని మానుకోమని ఎవురన్నారు? ఎప్పుడూ ఇట్లనే తడిపి గీకు, ఇంటికి పోతానే బట్టలు మార్సి, కడుక్కోని బిడ్డల్ని ఎత్తుకో అంటున్నా."

అతను చూపించుకోలేదు. నాకు దానికి కోపం రాలేదు, ఇప్పటికీ రాదు. నాకు కోపం ఈ రంగులు తయారుచేసి, అందులో ఏముందో చెప్పకుండా మా తలుపులకెక్కించి వెళ్లిపోయిన వాళ్ల మీద.

పాప రక్తపరీక్ష వచ్చింది. ఉండకూడనంత ఎక్కువ ఉంది. తిరుపతిలో పెద్ద డాక్టరమ్మ కాగితం చూసి, మందులతో ఒంట్లోంచి సీసం కడగాల్సినంత లేదుగానీ ఊరుకునే స్థాయి కూడా కాదని చెప్పింది. ఐరన్ రాసింది. పాలు, గుడ్డు, రాగిసంగటి బాగా పెట్టమంది. ఇంకో మాట కూడా చెప్పింది. ఒక్కరోజు దుమ్ముకు ఇంత పెరగదట. కిటికీ తెరిచి మూసినప్పుడల్లా రాపిడికి రాలే పొడి, పాప దోగాడినన్నాళ్లూ దాని అరచేతులకు అంటుతూనే ఉందట. నేను ఆ మాట ఇంటికి వచ్చి మామకు చెప్పాను. ఆయన కాగితం అడిగి తీసుకుని కళ్లజోడు పెట్టుకుని చదివారు. అర్థమైందో లేదో. తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం, "వంటింటి పక్క కిటికీ ఊడపెరికించెయ్యి" అన్నారు. ఆయన నాతో ఏదైనా ఒప్పుకున్నట్టు మాట్లాడింది అదొక్కటే.

పెళ్లి నాటికి పని పూర్తి కాలేదు. హాల్లో రెండు కిటికీలు గీకి, రంగు లేకుండా బోడిగా మిగిలాయి. ఊడపీకిన కిటికీ చోట ఇటుకలు కనిపిస్తున్నాయి. పాపను పెళ్లి మండపానికి మా అమ్మే తీసుకొచ్చింది, దాన్ని నేను ఇంట్లో అడుగు పెట్టనివ్వలేదు. బంధువులు వచ్చి, "ఇదేంది, పెండ్లి ఇల్లు ఇట్ల ఉండాది?" అని అడిగితే మామ, "మా కోడలి ఇష్టం" అన్నారు. వెటకారంగానే అన్నారు. నాకు అది చాలు. ఆ ఇంట్లో ఒక పని నా ఇష్టప్రకారం జరిగిందని పదిమంది ముందు చెప్పడమే కదా అది.

పెళ్లయిన కొత్తలో ఒకరోజు భోజనాల దగ్గర మామ ఏదో పనికి మరిదిని అలవాటుగా, "ఒరే మొద్దూ" అని పిలిచారు. మరిది అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు. పక్కనే కొత్త పెళ్లికూతురు వడ్డిస్తోంది.

"ఇంగ నన్ను అట్ల పిలవద్దు నాయనా" అన్నాడు. గట్టిగా అనలేదు. కానీ తల దించుకోలేదు.

మామ పిలవలేదు. ఆ తర్వాత నేనుండగా ఎప్పుడూ పిలవలేదు.

పాపను చాలాకాలం పరీక్షలకు తిప్పాను. అంకె మెల్లమెల్లగా దిగింది. ఇప్పుడు బడికి వెళ్తోంది. వాగుడుకాయ. దానికి ఏదైనా పోయిందా, పోతే ఎంత పోయిందన్నది నాకు తెలియదు, ఎవరూ చెప్పలేరు కూడా. దాని మార్కులు చూస్తూ ఆ లెక్కలు వేసుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

మా వీధిలో పాత ఇళ్లు చాలా ఉన్నాయి. ఒక్కొక్కటీ బాగుచేయించుకుంటున్నారు. ఉప్పుకాగితం చప్పుడు వినిపిస్తే నేను వెళ్తాను. కొందరు కూర్చోబెట్టి వింటారు. కొందరు తలుపు వేస్తారు. పెద్ద తెలివైందని మూతి తిప్పుతారు. తిప్పుకోనీ.

మొన్న ఎదురు వరసలో ఒక ఇంట్లో కరెంటు మెషీన్ పెట్టి తలుపులు రుద్దిస్తున్నారు. పచ్చటి దుమ్ము వీధిలోకి ఎగజిమ్ముతోంది. ఆ ఇంటి కోడలు నిండు గర్భిణి, లోపల హాల్లో కూర్చుని టీవీ చూస్తోంది. నేను గుమ్మంలో నిలబడి ఆపమన్నాను. కాంట్రాక్టరు చెవి దగ్గర చెయ్యి పెట్టి వినపడలేదన్నట్టు సైగ చేశాడు. మళ్లీ చెప్పాను. "ఈ ఇల్లు నీదా మా?" అని అరిచాడు.

"ఇల్లు నాది కాదు. ఈ గాలి నాది కూడా!"

అతను నవ్వి మెషీన్ మళ్లీ తలుపుకు ఆనించాడు. ఆ ఇంటి మెయిన్ స్విచ్ వీధి వైపు గోడకే ఉంది. మూత తీసి కిందికి లాగాను. మెషీన్ ఆగింది, టీవీ ఆగింది, లోపల ఫ్యాన్లు ఆగాయి. ఇంటాయన, ఆయన భార్య, వెనకాల మెల్లగా కోడలు, అందరూ ఒక్కసారిగా గుమ్మంలోకి వచ్చారు. నేను స్విచ్‌కు అడ్డంగా నిలబడి ఉన్నాను.

"ఇప్పుడు మాటలు ఇనబడతా ఉండాయి కదా" అన్నాను. "రాండి, మాట్లాడుకుందాం."